‘పలుమార్లు అడిగినను చెల్లింపక’: పాత బోస్టన్ అప్పు తాకీదును తెలుగు చేయడం గురించి

బోస్టన్ దగ్గర నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. అమెరికా స్వాతంత్ర్యానికి ముందు, మూడవ జార్జి రాజు పేరిట మసాచుసెట్స్‌లో జారీ అయిన ఒక అప్పు దావా పత్రం నకలు నా చేతికి వచ్చింది. అందులో సగం అచ్చు, సగం చేతిరాత. రాజుగారి బిరుదులు, షెరీఫుకు ఇచ్చే ఆజ్ఞ అచ్చులో ఉన్నాయి. వాది ప్రతివాదుల పేర్లు, ఒక వర్తకుడికి రాసిచ్చిన చేతినోటు మీద అప్పు పుట్టిన తీరు, తేదీ, మొత్తం ఖాళీలలో చేత్తో నింపి ఉన్నాయి. వెనుక వాది తరఫు న్యాయవాది చేవ్రాలు ఉంది. ఇక్కడి తెలుగు బడిలో పెద్ద పిల్లలకు చూపించాలన్న కోరికతో దీన్ని తెలుగు చేయబోయి నాలుగు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, రాజు షెరీఫుకు ‘గ్రీటింగ్’ అంటాడు. నేను ‘శుభాకాంక్షలు’ అని రాశాను. మనిషిని పట్టుకొమ్మని చెప్పే కాగితం శుభాకాంక్షలతో మొదలవడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. రెండవది, ఆస్తి దొరక్కపోతే ప్రతివాది ‘బాడీ’ని తీసుకొమ్మన్నారు. ‘శరీరమును తీసుకొనుము’ అంటే చనిపోయినవాడి గురించి చెప్పినట్లుంది. మూడవది ‘లాఫుల్ మనీ’, దాన్ని ‘చట్టబద్ధమైన డబ్బు’ అన్నాను. అన్నిటికంటే కష్టమైనది నాలుగవది. ప్రతివాది జవాబు చెప్పవలసినది ‘ప్లీ ఆఫ్ ట్రెస్‌పాస్ ఆన్ ద కేస్’కు అట. నిఘంటువు చూసి ‘కేసుపై అక్రమ ప్రవేశపు అభ్యర్థన’ అని రాసుకున్నాను. చేబదులు తీర్చనివాడు ఎవరి స్థలంలోకి ప్రవేశించాడో నాకు అర్థం కావడం లేదు.

జవాబు, ఒక విశ్రాంత కోర్టు అనువాదకుడి నుంచి

అమ్మా, మీ నాలుగవ ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగిలినవాటి దారి సులభమవుతుంది.

ట్రెస్‌పాస్ అనగానే ఈనాడు మనకు గోడమీద రాసిన హెచ్చరిక గుర్తుకు వస్తుంది. కాని ఇంగ్లండు పాత కోర్టులలో ఆ మాటకు అంత ఇరుకు అర్థం లేదు. లాటిన్ రికార్డులలో దాన్ని ‘ట్రాన్స్‌గ్రెస్సియో’ అని రాసేవారు. అంటే గీత దాటడం. మన సంస్కృతంలోని ‘అతిక్రమణం’ కూడా అక్షరాలా అదే కట్టుబడి కలది, దాటి అడుగు వేయడం. ఒకడు మరొకడికి చేసిన ఏ తప్పయినా ట్రెస్‌పాసే. బలప్రయోగంతో చేసిన తప్పుకు సిద్ధంగా ఒక మూస ఉండేది. ఆ మూసలో ఒదగని తప్పు జరిగినప్పుడు, జరిగిన సంగతిని విడమరచి చెప్పి, ఈ సందర్భాన్నిబట్టి ఇది తప్పు అని వాదించేవారు. అదే ‘ఆన్ ద కేస్’. ఇక్కడ ‘కేసు’ అంటే కోర్టు కేసు కాదు, సంగతి లేక సందర్భం. మీ అనువాదంలో బోర్లా పడింది ఈ మాటే.

అప్పుకు దీనితో ఏం పని అంటారా? అప్పు కోసమే ‘డెట్’ అని వేరొక దావా ఉండేది. కాని అందులో ప్రతివాదికి ఒక వెసులుబాటు ఉంది. తాను బాకీ లేనని ప్రమాణం చేసి, తన మాట నమ్మదగినదని ప్రమాణం చేసే మరి పదకొండుగురిని తెచ్చుకుంటే దావా కొట్టివేయబడేది. ఇది రుణదాతలకు పెద్ద గండం. అందుచేత లాయర్లు దారి మార్చారు. ‘ఇతడు నాకు బాకీ’ అనడం మాని, ‘ఇతడు ఇస్తానని మాట ఇచ్చాడు, మాట తప్పి నాకు నష్టం చేశాడు’ అనడం మొదలుపెట్టారు. అలా అన్నప్పుడు తగవు బాకీ గురించి కాక తప్పు గురించి అవుతుంది, విచారణ జ్యూరీ ముందుకు వెళ్తుంది. స్లేడ్ అనే వ్యక్తి, పొలంలో నిలిచి ఉన్న గోధుమ, రై పంటను 16 పౌండ్లకు అమ్మి, డబ్బు రాక వేసిన దావాలో 1602లో ఈ మార్గం ఖాయపడింది. ఈ దావాకు ‘అసంప్సిట్’ అని పేరు, అంటే ‘పూనుకొన్నాడు’ లేక ‘ఒప్పుకొన్నాడు’ అని.

ఆ సరుకు ఓడ ఎక్కి మసాచుసెట్స్ చేరింది. అక్కడ మామూలు చేతినోటు మీద వేసిన దావాను ‘ట్రెస్‌పాస్ ఆన్ ద కేస్’ అనీ, ముద్ర వేసిన బాండు మీద వేసిన దావాను ‘డెట్’ అనీ రాసేవారు. కనుక మీ కాగితంలో అప్పు ముద్ర వేసిన బాండు మీద పుట్టినది కాదని, పత్రం మిగతా భాగం చదవకుండానే చెప్పవచ్చు. నా సూచన: ‘మాట తప్పిన అపరాధమును గూర్చిన అభియోగము’. ‘అభ్యర్థన’ ఎంతమాత్రం కూడదు, ఎందుకంటే ‘ప్లీ’ అన్నది ఇక్కడ వేడుకోలు కాదు, వ్యాజ్యం.

ఈ మాటలో మన తెలుగువారికి మరింత ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. మన ధర్మశాస్త్రాలు వ్యవహారాలను పద్దెనిమిదిగా విభజించినప్పుడు మొదట పెట్టినది ఋణాదానాన్నే, అంటే అప్పుల తగవునే. అక్కడ అప్పు అప్పుగానే నిలబడింది, ఉత్తమర్ణుడు ఇచ్చాడు, అధమర్ణుడు తీర్చలేదు. ఇంగ్లీషు పద్ధతిలో అప్పు తన సొంత పేరు వదిలి, తప్పు అనే పేరుతో కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. కాబట్టి మీరు దీన్ని ‘అప్పు దావా’ అని తేలికగా రాసేస్తే చదివేవారికి అర్థమవుతుంది గాని, ఆ కాగితం తనను గురించి తాను చెప్పుకుంటున్నది పోతుంది. ఆ నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

‘గ్రీటింగ్’కు శుభాకాంక్షలు వద్దు. మన పాత హుకుములలో ‘ఫలానా వారికి వ్రాయించిన తాకీదు ఏమనగా’ అని ఉంటుంది. ఆ ‘ఏమనగా’ చేసే పనే ఇక్కడ ‘గ్రీటింగ్’ చేస్తున్నది. పైవాడు కిందివాడిని పలకరించి విషయంలోకి దిగుతున్నాడు. పత్రం మొత్తానికి కూడా ‘తాకీదు’ అనే పేరే నాకు నచ్చుతుంది. ఇంగ్లీషులో దీని పేరైన ‘రిట్’ అంటే మనవాళ్లకు హైకోర్టు రిట్ పిటిషన్ తోస్తుంది. ఆ గొడవ ఇక్కడ లేదు.

‘బాడీ’ విషయంలో మీ చెవి సరిగానే పనిచేసింది. లాటిన్‌లో ‘కార్పస్’ అని రాసే అలవాటు నుంచి అది వచ్చింది, హేబియస్ కార్పస్‌లో ఉన్న కార్పస్ ఇదే. ప్రాణమున్న మనిషినే అంటున్నారు. తెలుగులో ‘వానిని పట్టుకొని భద్రముగా నుంచి’ అంటే చాలు. అయితే ‘భద్రముగా’ అన్నదాన్ని మాత్రం వదలవద్దు. తప్పించుకోకుండా అన్న అర్థం దానిలో ఉంది. తీర్పు రాకముందే ఆస్తి జప్తు, అది లేకపోతే మనిషి జప్తు అన్నమాట. మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డరులో కూడా తీర్పుకు ముందు అరెస్టు, తీర్పుకు ముందు జప్తు ఉన్నాయి. కాని మనకు అవి ప్రత్యేక కారణం చూపితేనే దొరికేవి. అక్కడ దావా తలుపు తీసేదే జప్తుతో.

ఇక మీ పత్రం నడుమ చేతిరాతలో ఉన్న భాగాన్ని నిఘంటువుతో చేయవద్దని ప్రాధేయపడుతున్నాను. దానికి తెలుగు ఇదివరకే ఉంది. మన ఊళ్లలో ఈ రోజుకూ రాసే ప్రామిసరీ నోటు తీసి పక్కన పెట్టుకోండి. ‘నా అవసర నిమిత్తము తమ వద్ద అప్పుగా పుచ్చుకొన్న పైకము’, ‘తమరు కోరినప్పుడు తమకు గాని, తమ ఆర్డరు పొందినవారికి గాని అసలు వడ్డీతో చెల్లించగలవాడను’, ‘పైకము ముట్టినది’. మీ బోస్టన్ వర్తకుడి నోటులోని ‘ఆన్ డిమాండ్’ ఇక్కడ ‘కోరినప్పుడు’ అయింది. ‘హిమ్ ఆర్ ఆర్డర్’ ఇక్కడ ‘తమకు గాని తమ ఆర్డరు పొందినవారికి గాని’ అయింది. ‘వాల్యూ రిసీవ్డ్’ను ‘విలువ పొంది’ అనకండి, ‘ప్రతిఫలము ముట్టి’ అనండి. ఈ పోలిక కాకతాళీయం కాదు. చేతినోట్లు చేతులు మారవచ్చునని ఇంగ్లండులో ఆన్ రాణి కాలంలో, 1704లో చట్టం వచ్చింది. మన నోట్లకు ఆధారమైన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఆ వంశంలోదే. అందుకే ఒక తాతకు పుట్టిన ఇద్దరు మనుమల ముఖాల మాదిరిగా రెండు నోట్లూ కనిపిస్తాయి.

అదే దయతో ‘దో ఆఫెన్ రిక్వెస్టెడ్’ను కూడా చూడండి. అది పాత లాటిన్ మూసకు మారు. నిజంగా ఎన్నిసార్లు అడిగాడో ఎవరూ లెక్కపెట్టరు. మన లాయరు నోటీసులలోని ‘పలుమార్లు కోరినను నేటివరకు చెల్లింపక తాత్సారము చేయుచున్నారు’ కూడా అటువంటి మూసే. మూసకు మూసను ఇస్తేనే అనువాదం నిజాయితీగా ఉంటుంది.

హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన

అనువాదకులు చెప్పినదానిలో చాలా భాగాన్ని ఒప్పుకొంటూనే, రెండు సంగతులు చేర్చదలచాను.

‘లాఫుల్ మనీ’ గురించి వారు మాట్లాడలేదు. నాకు ఆ మాట చూడగానే మా తాతగారి పెట్టెలోని కాగితాలు గుర్తుకు వచ్చాయి. నిజాం రాజ్యంలో రాసిన ప్రతి పత్రంలో రూపాయలు అని ఊరుకోరు, ‘హాలీ సిక్కా రూపాయలు’ అని రాస్తారు. సరిహద్దు దాటితే చెల్లేది ఇంగ్లీషువారి కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ఏ రూపాయో చెప్పకపోతే అప్పు ఇచ్చినవాడో తీసుకున్నవాడో నష్టపోతాడు. మసాచుసెట్స్‌లో జరిగినది ఇదే. అక్కడ కాగితపు డబ్బు విలువ పడిపోయి, ‘ఓల్డ్ టెనర్’ అనే పాత లెక్కలో ఒక స్పానిష్ వెండి డాలరు 45 షిల్లింగులకు చేరింది. ఫ్రెంచివారి లూయీబర్గ్ కోటను పట్టుకోవడానికి మసాచుసెట్స్ పెట్టిన ఖర్చుకు బదులుగా ఇంగ్లండు పంపిన వెండితో ఆ కాగితాలను తిరిగి కొనేసి, 1750 నుంచి డాలరుకు 6 షిల్లింగుల లెక్కను నిలబెట్టారు. ఆ కొత్త లెక్క పేరు ‘లాఫుల్ మనీ’. ఇంగ్లండు స్టెర్లింగులో అదే డాలరు 4 షిల్లింగుల 6 పెన్నీలు. అంటే బోస్టన్‌లోని 133 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు లండన్‌లో 100 పౌండ్లు. కనుక ‘చట్టబద్ధమైన డబ్బు’ అంటే అర్థం చెడుతుంది, దొంగనోటు కాదు అని చెప్పినట్లవుతుంది. ‘ఈ సంస్థానమున చెల్లుబడియగు నాణెపు లెక్కను’ అంటే బాగుంటుందని నా మనవి.

రెండవది, హెచ్చరిక. ప్రతివాదిని ఎక్కడా ‘ముద్దాయి’ అనవద్దు. మా వైపు ఉర్దూ అదాలతు మాటలలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ఎవరి మీద వేశారో అతడు ‘ముద్దా అలైహ్’. తెలుగులోకి వచ్చేసరికి ఈ రెంటిలో తోక తెగి, ‘ముద్దాయి’ నేరారోపణ మోసేవాడయ్యాడు. పైగా ఇది క్రిమినల్ కాదు, అప్పు. వాది, ప్రతివాది అన్న మాటలే నిలకడగా ఉన్నాయి.

విశాఖపట్నం నుంచి ఒక తెలుగు అధ్యాపకురాలు

నా సందేహాన్ని అపార్థం చేసుకోవద్దని మనవి. జప్తు, తాకీదు, సదరు, హాజరు, బాకీ, ఇవన్నీ పార్సీ అరబ్బీ మాటలు. పిల్లలకు ఇచ్చే పాఠంలో తెలుగు మాటలు ఉండాలి కదా? ‘స్వాధీనపరచుకొనుట’, ‘ఆజ్ఞాపత్రము’, ‘పూర్వోక్తుడు’ అనరాదా? అప్పుపడి ఉండడానికి మనకు ‘అచ్చియుండు’ అనే చక్కని పాత క్రియ ఉంది. తెలుగు బైబిలులో రోమీయులకు రాసిన పత్రికలో ‘మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు’ అన్నచోట అది ఇంకా బతికే ఉంది.

విశ్రాంత అనువాదకుడు

మేడమ్ గారూ, ‘అచ్చియుండు’ను గుర్తుచేసినందుకు చేతులు జోడిస్తున్నాను. ఆ మాటను ఈ పత్రంలో తప్పక వాడాలి. అయితే నోటు భాగంలో కాదు, అభియోగంలో. ‘సదరు మొత్తమును వాదికి అచ్చియున్నవాడై’ అంటే కోర్టు గాంభీర్యం వస్తుంది, తెలుగుదనమూ ఉంటుంది.

మిగిలిన సూచనలను మాత్రం ఒప్పుకోలేను. ‘స్వాధీనపరచుకొనుట’ అంటే వస్తువు చేతికి వచ్చేసినట్లే. జప్తు అంటే అది యజమానిదిగానే ఉండి, కదలకుండా కట్టుబడడం. మసాచుసెట్స్‌లో షెరీఫు పేరుకు ఏదో ఒక చిన్న వస్తువును జప్తు చేసినట్లు రాసుకొని, ప్రతివాదికి సమను ఇచ్చి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఆ తేడాను జప్తు అన్న మాట మోయగలదు, స్వాధీనం మోయలేదు. మీ వంటి పండితులకు నేను చెప్పనవసరం లేదు గాని, బ్రౌను దొర 1850లలో ఇటువంటి పరాయి మాటలు కలిసిన మిశ్రభాషకు ప్రత్యేకంగా నిఘంటువు కూర్చింది ఈ మాటలు లేకుండా కచేరీ తెలుగు నడవదనే. రైతు నోట రెండు మూడు వందల ఏళ్లు నానిన మాటను పరాయిదని బయటికి పంపి, ఎవరూ పలకని సమాసాన్ని దాని చోట కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

బోస్టన్ సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. సవరించిన పాఠం ఇది. పేర్లు, మొత్తం, తేదీ విడిచిపెట్టాను.

‘దైవానుగ్రహముచే గ్రేట్ బ్రిటన్, ఫ్రాన్సు, ఐర్లండు దేశములకు రాజును, మతసంరక్షకుడును మొదలగు బిరుదులు గల మూడవ జార్జి, మా సఫక్ కౌంటీ షెరీఫునకు గాని, అతని అండర్ షెరీఫునకు గాని, డిప్యూటీకి గాని వ్రాయించిన తాకీదు ఏమనగా: ఫలానావాని సొత్తును గాని ఆస్తిని గాని ఇన్ని పౌండ్ల మేరకు జప్తు చేయవలెను. అది లేని పక్షమున, సదరు ఫలానావాడు మీ సరిహద్దులలో దొరికినయెడల, వానిని పట్టుకొని భద్రముగా నుంచి, బోస్టనులో జరుగబోవు మా ఇన్‌ఫీరియర్ కోర్ట్ ఆఫ్ కామన్ ప్లీస్ న్యాయాధిపతుల యెదుట హాజరుపరచవలెను. వర్తకుడగు ఫలానావారు, మాట తప్పిన అపరాధమును గూర్చి తెచ్చిన అభియోగమునకు సదరువాడు జవాబు చెప్పుకొనవలెను. అది యేమనగా, సదరు ప్రతివాది ప్రతిఫలము ముట్టి, తన చేవ్రాలుతో వ్రాసియిచ్చిన నోటు ద్వారా, వాదికి గాని వాది ఆర్డరు పొందినవారికి గాని, ఈ సంస్థానమున చెల్లుబడియగు నాణెపు లెక్కను ఇంత మొత్తమును, కోరినప్పుడు వడ్డీతో చెల్లించెదనని మాట యిచ్చి, దానిని వాదికి అచ్చియున్నవాడై, పలుమార్లు అడిగినను చెల్లింపక ఉపేక్షించుచున్నాడు. ఇందువలన సదరు వాదికి ఇన్ని పౌండ్లు నష్టమైనదట. ఇందుకు తప్పవద్దు. ఈ తాకీదును, దీనిపై మీరు జరిపించిన చర్య వివరముతో అక్కడ దాఖలు చేయవలెను.’

రెండు అనుమానాలు మిగిలాయి. ఫ్రాన్సును జార్జి ఏనాడూ ఏలలేదు కదా, తీసేయవచ్చా? ‘సదరు’ ఇన్నిసార్లు వస్తే పిల్లలకు విసుగు పుడుతుంది, కొన్నిటిని తగ్గించవచ్చా?

విశ్రాంత అనువాదకుడు

ఫ్రాన్సు ఉండవలసిందే. ఇంగ్లండు రాజులు 1801 వరకు ఆ బిరుదును వదలలేదు. మన శాసనాలలోని బిరుదులను కూడా రాజు నిజంగా గెలిచిన దేశాలతో సరిచూసి కొట్టివేయం కదా. బడిలో ఒక మాటగా చెప్పండి, పాఠంలో దిద్దకండి.

‘సదరు’ విషయంలో జాన్ ఆడమ్స్ కథ పిల్లలకు చెప్పండి. తరువాత అమెరికాకు రెండవ అధ్యక్షుడైన ఆయన 1758 నవంబరులో, 23 ఏళ్ల వయసులో, బోస్టన్‌లో లాయరుగా ప్రమాణం చేశాడు. ఆ మరుసటి నెలలోనే సొంత ఊరు బ్రెయిన్‌ట్రీలో ఫీల్డ్ అనే వ్యక్తి తరఫున లాంబర్ట్ మీద ఒక తాకీదు రాశాడు. అది అప్పు దావా కాదు, చేలో పడిన గుర్రాల తగాదా. కానిస్టేబుళ్లను సంబోధించే చోట కౌంటీ పేరు రాయడం మరచిపోయాడు. ఆ ఒక్క లోపంతో తాకీదు చెల్లకుండా పోయింది. తొలి కేసులోనే పేరు పోయిందని ఆయన తన దినచర్యలో ఎంతో మథనపడ్డాడు. లాంబర్టు గుర్రాలు ఏ కౌంటీలో మేశాయో ఆ ఊళ్లో తెలియనివారు లేరు. అయినా కాగితంలో లేనిది కోర్టుకు లేనట్లే. అటువంటి లోకంలో రాసిన పత్రంలో ‘సదరు’ విసుగు కోసం పెట్టినది కాదు. ఆ పేరు గలవాడు ఊళ్లో ఇంకొకడు ఉంటే, వాడి కుర్చీ జప్తు కాకుండా కాపాడేది అదే. ఒక్కటి కూడా తీయకండి.

మీరు అడగనిది ఒకటి చెప్పి ముగిస్తాను. ‘నష్టమైనదట’ అన్నచోట ‘అట’ తీసివేయండి. మూలంలో ‘యాజ్ హీ సెయిత్’ అని ఉంది, ‘అతడు చెప్పిన ప్రకారము’ అని. మీరు దానికి ‘అట’ పెట్టడం సహజమే, ఇతరుల మాటను తెలుగు అలాగే మోస్తుంది. కాని తెలుగు ‘అట’లో చెప్పేవాడి అపనమ్మకం ఎంతో కొంత తొంగిచూస్తుంది. ‘వాడికి జ్వరమట’ అన్నప్పుడు ఆ జ్వరాన్ని మనం పూర్తిగా నమ్మినట్లు కాదు. రాజు ఇక్కడ వాదిని నమ్మడం లేదు, అనుమానించడమూ లేదు. ఆ లెక్కకు పూచీ వాదిదే అని మాత్రం అంటున్నాడు. అసలు అప్పుకన్నా పెద్ద మొత్తాన్ని ఆ ఖాళీలో నింపడం అక్కడి రివాజు. తీర్పు అంతకు మించకూడదు కనుక ముందే చోటు ఉంచుకునేవారు. మీ నకలులో కూడా నోటు మొత్తం, నష్టం మొత్తం వేరువేరుగా ఉంటాయి, చూసుకోండి. కనుక ఆ వాక్యం ఇలా ఉండాలి: ‘ఇందువలన సదరు వాదికి, తాను చెప్పుకొనుచున్న ప్రకారము, ఇన్ని పౌండ్లు నష్టము.’